చదరపు మీటరుకు 2.4 గ్రుడ్లు : సాల్మన్ నదుల ఆరోగ్యమును కొలుచు పద్ధతులపై ఒక విమర్శ

గోదావరికి ఎఱ్ఱనీరు వచ్చినపుడు సముద్రము నుండి పులస ఎదురీదుచు నదిలోనికి వచ్చుట తెలుగువారు ఎరిగిన విషయమే. ఉత్తర అట్లాంటిక్ సముద్రమునకు ఇరువైపుల నున్న దేశములలో ఆ విధముగా నదులలోనికి ఎగబ్రాకి వచ్చు చేప సాల్మన్. దీని శాస్త్రీయ నామము సాల్మో సలార్. నార్వే, స్కాట్లండు, ఐర్లండు, ఐస్లండు, కెనడా మొదలగు దేశముల నదులలో ఈ చేప పుట్టి, సముద్రములో పెరిగి, గ్రుడ్లు పెట్టుటకు మరల తాను పుట్టిన నదికే వచ్చును. ఈ జాతి క్షీణించుచున్నదని అందరును ఒప్పుకొందురు. అయితే ఫలానా నదిలో సాల్మన్ ఆరోగ్యముగా నున్నదా, లేదా అని తేల్చుట ఎట్లు? ప్రభుత్వములు ఈ ప్రశ్నకు ఇచ్చు సమాధానము చాలవరకు ఒక అంకె రూపములో నుండును. ఆ అంకె ఎక్కడ పుట్టినది, దేనిని కొలుచుచున్నది, దేనిని కొలువలేకున్నది అను సంగతి విచారింపదగియున్నది.

ఇది పండితుల మధ్య జరుగు వాదమని తీసివేయరాదు. నార్వే, ఫిన్లండు దేశముల సరిహద్దున ప్రవహించు తానా నదిలో 2021లో సాల్మన్ వేట పూర్తిగా నిషేధింపబడినది. ఆ నిషేధము తరువాతి యేండ్లలోను కొనసాగినది. తరతరములుగా ఆ నది చేపపై ఆధారపడిన సామీ జాతివారు వలలు కట్టిపెట్టవలసి వచ్చినది. 2024 జూన్ నెలలో, వేట ఋతువు నడుచుచుండగనే, నార్వే ప్రభుత్వము 33 నదులలో సాల్మన్ వేటను ఆపివేసినది. అంకె తప్పైనచో ఒక వైపున చేప నశించును, లేదా మరియొక వైపున మనుష్యుల కూడు పోవును.

సాల్మన్ జీవిత చరిత్రను కొంచెము తెలిసికొననిదే ఈ లెక్కలు బోధపడవు. శరత్కాలము చివర, శీతకాలము మొదట, ఆడచేప నది అడుగున గులకరాళ్ళలో తోకతో గుంట త్రవ్వి గ్రుడ్లు పెట్టును. వసంతములో పిల్లలు వెలుపలికి వచ్చును. అవి ప్రక్కల మీద వ్రేలి ముద్రల వంటి మచ్చలతో నదిలోనే పెరుగును. ఈ దశలో వానిని పార్ అందురు. నీరు చల్లనై మేత తక్కువైన ఉత్తరపు నదులలో ఈ దశ నాలుగేండ్లు, అంతకంటె ఎక్కువ కాలము కూడ సాగవచ్చును. దక్షిణపు నదులలో ఏడాదికే ముగియవచ్చును. పిమ్మట మచ్చలు మరుగుపడి వెండి రంగు వచ్చును, ఉప్పునీటిలో బ్రదుకుటకు శరీరము సిద్ధమగును. ఇట్టి పిల్లను స్మోల్ట్ అందురు. స్మోల్ట్ సముద్రమునకు పోయి, అచ్చట ఒక శీతకాలము గడిపి తిరిగి వచ్చినచో దానికి గ్రిల్స్ అని పేరు. రెండు మూడు శీతకాలములు గడిపినది బరువెక్కి వచ్చును. చేప పొలుసును సూక్ష్మదర్శినిలో పెట్టి చూచినచో అందలి వలయములను బట్టి అది నదిలో ఎన్నేండ్లు, సముద్రములో ఎన్నేండ్లు గడిపినదో చెప్పవచ్చును. చెట్టు మానులోని వలయముల వంటిదే ఇదియు.

నదిలో చోటు పరిమితము. ప్రతి పార్ పిల్లయు తనకొక తావును ఏర్పరచుకొని, ఇతర పిల్లలను దగ్గరకు రానీయదు. అందుచేత గ్రుడ్లు ఎన్ని పెట్టినను, ఒక మేరకు మించిన తరువాత స్మోల్ట్‌ల సంఖ్య పెరుగదు. గ్రుడ్లు ఆ మేరకు తగ్గినచో నదిలో చోటు ఖాళీగా నుండిపోవును. కాబట్టి నది నిండుటకు కావలసిన గ్రుడ్ల సంఖ్యను కనుగొని, అంతకు తక్కువ కానీయరాదని నిర్ణయించుట న్యాయముగానే కనుపించును. దీనినే సంరక్షణ పరిమితి అందురు. 1984లో ఏర్పడి ఎడింబరో నగరము కేంద్రముగా పనిచేయుచున్న ఉత్తర అట్లాంటిక్ సాల్మన్ సంరక్షణ సంస్థ 1998లో ముందు జాగ్రత్త విధానమును అంగీకరించినది. ఇట్టి పరిమితులే దానికి ఆధారము.

కెనడాలో ఈ పరిమితి అనేక దశాబ్దములు ఒకే అంకెగా నిలిచినది: నది అడుగున చదరపు మీటరుకు 2.4 గ్రుడ్లు. విద్యార్థులు లెక్క వేసి చూడవచ్చును. ఒక నదిలో పిల్లలు పెరుగుటకు అనువైన అడుగుభాగము లక్ష చదరపు మీటర్లు అనుకొందము. కావలసిన గ్రుడ్లు 2,40,000. ఆడచేప కిలో బరువునకు సుమారు 1,500 గ్రుడ్లు పెట్టుననుకొన్నచో, నాలుగు కిలోల చేప 6,000 పెట్టును. నలువది ఆడచేపలు చాలును. వచ్చినవి రెండేసి కిలోల గ్రిల్స్ అయినచో ఎనుబది ఆడచేపలు కావలెను. వచ్చిన వానిలో ఆడవి ఎన్ని అన్నది వేరొక చిక్కు. కెనడాలోని మిరమిషి నదిలో గ్రిల్స్ ఎక్కువ భాగము మగవి, రెండు శీతకాలములు గడిపి వచ్చునవి ఎక్కువ భాగము ఆడవి. అట్టి నదిలో గ్రిల్స్ మాత్రమే విరివిగా వచ్చిన యేట, చేపలు కన్నుల పండువుగా కనుపించినను గ్రుడ్లు చాలకపోవచ్చును. ఇంతవరకు గ్రుడ్ల లెక్క చేపల లెక్క కంటె మేలైనదనియే చెప్పవలెను.

ఇక ఆ 2.4 ఎక్కడిది? అది ముఖ్యముగా కెనడా శాస్త్రజ్ఞుడు ఎల్సన్ 1957లోను, తరువాత 1975లోను ప్రకటించిన పరిశోధనల నుండి వచ్చినది. ఆ పరిశోధనలకు ప్రధాన రంగము న్యూ బ్రన్స్విక్ రాష్ట్రములోని పొలెట్ అను చిన్న నది. పని శ్రద్ధతో, ఓర్పుతో జరిగినది. ఆ కాలములో అంతకంటె మేలైనది మరియొకటి లేదు. అయితే ఆ నదిలో పరిశోధన సాగిన కాలములో కొన్ని యేండ్లు, చేపపిల్లలను తిను మెర్గాన్సర్ అను బాతులను అదుపులో ఉంచినారు. ఒక నదిలో, కొన్ని ప్రత్యేక పరిస్థితులలో తేలిన ఫలితము అది. చల్లని నదికి, వెచ్చని నదికి, సరస్సులు గల నదికి, రాతి వాగుకు ఒకే కొలబద్దను పెట్టుటకు ఎల్సన్ పరిశోధనలో ఆధారము లేదు. తరువాతి వారికి చేతికందిన అంకె అది యొక్కటే కనుక దానినే వాడినారు. తప్పు పరిశోధకునిది కాదు, తొందరపడి అరువు తెచ్చుకొన్న వారిది. 2018లో కెనడా మత్స్యశాఖ సెయింట్ లారెన్స్ గల్ఫ్ ప్రాంతపు నదులకు పరిమితులను మరల నిర్ణయించినది. ఇది మంచి పనియే. కాని కొలబద్ద మారిన యేట, చేప ఒక్కటియు పెరుగకున్నను పట్టికలో నది దశ మారవచ్చునని పాత నివేదికలను, క్రొత్త నివేదికలను కలిపి చదువువారు గుర్తుంచుకొనవలెను.

పొలెట్ నది తరువాతి చరిత్ర ఈ విషయమునకు దగ్గర సంబంధము గలది. అది పెటిట్‌కోడియాక్ అను పెద్ద నదికి ఉపనది. 1968లో మాంక్టన్ పట్టణము వద్ద పెటిట్‌కోడియాక్‌కు అడ్డముగా గేట్లతో కూడిన కట్ట వేసి, దాని మీద రోడ్డు నిర్మించినారు. చేపలు ఎక్కుటకు మెట్లదారి ఒకటి పెట్టినారు గాని అది పనికిరాలేదు. కట్టకు ఎగువనున్న సాల్మన్ అంతరించినది. దేశమంతటికి కొలబద్దను ఇచ్చిన నదిలోనే కొలుచుటకు చేప లేకపోయినది. ఆ గేట్లను 2010 ఏప్రిల్‌లో గాని తెరువలేదు.

అయితే కట్ట ఒక్కటే కారణమనుకొనుట కూడ సరికాదు. ఫండీ అఖాతపు లోపలి భాగములో కలియు నదులన్నిటిలో, కట్టలు లేనివానిలో కూడ, సాల్మన్ కూలిపోయినది. ఒకప్పుడు ఆ నదులన్నిటికి కలిపి సుమారు 40,000 చేపలు వచ్చెడివని అంచనా. 1999 నాటికి 250 కూడ రాలేదు. ఆ నదులలో చాలవాని నీరు బాగుగనే యున్నది, గులకరాళ్ళు ఉన్నవి, పార్ పిల్లలకు చోటు ఉన్నది. పోయిన స్మోల్ట్‌లు సముద్రము నుండి తిరిగి రాకపోవుటయే కొరత. గ్రుడ్ల పరిమితి ఈ విషయమును చెప్పలేదు. చేపలు తగ్గినవని అది చెప్పును గాని, తగ్గుట నదిలోనా సముద్రములోనా అన్న ప్రశ్నకు దాని వద్ద బదులు లేదు.

దీనిని కూడ లెక్కలోనే చూడవచ్చును. ఒక ఆడచేప 6,000 గ్రుడ్లు పెట్టినది. అందులో నూటికి ఒకటిన్నర చొప్పున స్మోల్ట్‌లైనచో 90 అగును. ఆ తల్లిదండ్రుల స్థానము నిండుటకు రెండు చేపలు తిరిగి రావలెను, అనగా నూటికి రెండు చొప్పున వచ్చినను ఇంచుమించు సరిపోవును. సముద్రములో నూటికి ముప్పది బ్రదికినచో 27 చేపలు వచ్చును. వేటకు, వృద్ధికి కావలసినంత మిగులును. నూటికి ఐదే బ్రదికినచో నాలుగైదు వచ్చును. వంశము నిలుచును గాని వేటకు మిగులు స్వల్పము. నదిలోని పరిస్థితి కూడ చెడి, గ్రుడ్లలో నూటికి అర మాత్రమే స్మోల్ట్‌లైనచో, అదే ఐదు శాతమునకు ఒకటిన్నర చేప వచ్చును. అక్కడి నుండి ప్రతి తరమునకు తరుగే. సముద్రము చెడ్డదైనపుడు మనుష్యుల చేతిలోనున్న నదిని మరింత బాగుగా ఉంచవలసిన అవసరము ఈ లెక్క వలన తేటపడును.

ఈ అంకెలను ఊహించుకొనక నిజముగా కొలిచిన నదులు కొన్ని కలవు. ఉత్తర ఐర్లండులోని బుష్ నదిపై 1970ల మొదటి భాగము నుండి పోవు స్మోల్ట్‌లను, వచ్చు చేపలను బోనులలో పట్టి లెక్కించి విడిచిపెట్టుచున్నారు. ఒకప్పుడు ఆ నది స్మోల్ట్‌లలో సుమారు మూడవ వంతు తీరమునకు తిరిగి వచ్చెడివి. ఈ శతాబ్దములో ఎక్కువ యేండ్లు పదవ వంతు కూడ రాలేదు. స్కాట్లండులో డీ నదికి ఎగువ ఉపనదియైన గిర్నాక్ వాగు మీద 1966 నుండి ఇట్టి బోనులే ఉన్నవి. ఆడచేపలు ఒక మేరకు మించి వచ్చినను స్మోల్ట్‌లు పెరుగవని ఆ వాగు లెక్కలే స్పష్టముగా చూపినవి. ఆ వాగునకు వచ్చు ఆడచేపలు దశాబ్దములు గడచినకొలది బాగుగా తగ్గినవని కూడ అవే చూపినవి. పెద్ద నది మొత్తమును ఒకే అంకెగా చెప్పినపుడు, ఎగువ వాగులలోనికి వసంతముననే వచ్చు ప్రత్యేకపు చేపల గుంపు తరిగిపోవుట ఆ మొత్తములో కనబడకుండ పోవును.

బోనులు లేని నదులే ఎక్కువ. అక్కడ గాలముతో పట్టిన చేపల లెక్కయే ఆధారము. స్కాట్లండులో 1952 నుండి ఇట్టి లెక్కలు వ్రాసి ఉంచినారు. ఇంత దీర్ఘమైన పట్టిక అపురూపము. 2016 నుండి అక్కడి ప్రభుత్వము నదులను మూడు తరగతులుగా విభజించుచున్నది. ఐదేండ్ల కాలములో గ్రుడ్ల పరిమితిని అందుకొను అవకాశము నూటికి 80 పాళ్ళు ఉన్నచో మొదటి తరగతి, 60 నుండి 80 వరకు ఉన్నచో రెండవది, 60కి తక్కువైనచో మూడవది. మూడవ తరగతి నదిలో పట్టిన ప్రతి చేపను విడిచిపెట్టవలెను. విధానము పైకి చక్కగా నున్నది. కాని ఆ అవకాశమును గణించుటకు మూలము మరల గాలపు లెక్కయే.

పట్టిన చేపలు అనగా ఉన్న చేపలలో ఒక భాగము. ఆ భాగము ప్రతి యేట ఒక్కటిగా నుండదు. వానలు లేక నది చిక్కినపుడు చేప నది మొగ దగ్గరనే ఆగిపోవును, గాలమునకు చిక్కదు. నీరు పారినపుడు బాగుగా చిక్కును. గాలము వేయువారు తగ్గినను చేపలే తగ్గినట్లు కనుపించును. విడిచిన చేప మరల చిక్కినచో రెండుసార్లు లెక్కకు వచ్చును. 2023లో స్కాట్లండులో గాలమునకు చిక్కిన సాల్మన్ 33,023. 1952 తరువాత అంత తక్కువ ఎన్నడును లేదు. మరుసటి యేట అది సుమారు 47 వేలకు పెరిగినది. ఒక్క యేటిలో సాల్మన్ జాతి నూటికి నలువది పాళ్ళు కోలుకొన్నదని ఎవ్వరును అనరు. మరి 2023లో జాతి అంతగా పడిపోయినదనుటకు కూడ అంతే జాగ్రత్త అవసరము కదా! మొదటి అంకెకు కంట తడిపెట్టిన పత్రికలు రెండవ అంకెను అంతగా పట్టించుకొనలేదు.

ఇంతకంటె లోతైన పొరపాటు దీర్ఘకాలపు పట్టికలోనే దాగియున్నది. 1983 నుండి 2016 వరకు సముద్రములోని అట్లాంటిక్ సాల్మన్ సంఖ్య సగమునకు పైగా తగ్గినదని అంచనా. అదే కాలములో స్కాట్లండు నదులలో గాలపు లెక్క ఆ విధముగా పడలేదు. 2010లో లక్షకు పైగా చేపలు చిక్కినవి. కారణము స్పష్టమే. తీరమునను, నది మొగలందును వలల వేట ఆ దశాబ్దములలో క్రమముగా తగ్గిపోయినది. వలలకు పోవలసిన చేపలు నదిలోనికి వచ్చి, సముద్రములోని నష్టమును కప్పిపుచ్చినవి. వలలు దాదాపుగా పోయిన తరువాత కప్పిపుచ్చుటకు మరేమియు మిగులలేదు. గాలపు లెక్కను మాత్రమే చూచినవారికి జబ్బు ముదిరిన పిమ్మట గాని తెలియలేదు. స్కాట్లండు శాస్త్రజ్ఞులు ఈ లోపమును ఎరుగకపోలేదు. చేపలను లెక్కించు యంత్రములున్న నదుల సహాయముతో, నెలను బట్టి, నీటి ప్రవాహమును బట్టి, గాలపు లెక్కను సరిదిద్దుచున్నారు. అయినను యంత్రములున్న నదులు కొద్ది, తరగతి పొందవలసిన నదులు చాల.

నార్వే పద్ధతి ఈ విషయములో ఒక అడుగు ముందున్నది. అక్కడ కూడ తొమ్మిది నదుల అనుభవము నుండియే మిగిలిన వందల నదులకు పరిమితులను నిర్ణయించినారు. కాని ఒకే అంకెను అంటగట్టక, నది సారమును బట్టి చదరపు మీటరుకు 1, 2, 4, 6 గ్రుడ్లు అని నాలుగు తెగలు చేసినారు. 2013లో ప్రకటించిన నాణ్యతా ప్రమాణము గ్రుడ్ల సంఖ్యతో తృప్తిపడక, జాతి శుద్ధిని కూడ పరీక్షించుచున్నది. సముద్రపు తీరమున వల గదులలో పెంచు సాల్మన్ కోట్ల కొలది యున్నది. అందులో తప్పించుకొన్నవి నదులెక్కి అడవి చేపలతో కలియుచున్నవి. పెంపుడు చేప త్వరగా బరువెక్కుటకు తరముల పాటు ఏరిన జాతి. దాని సంతానము అడవి నదిలో బ్రదుకుటకు తగినది కాదు. అట్టి నదిలో గ్రుడ్ల సంఖ్య నిండుగా నుండవచ్చును, ఆ గ్రుడ్లలోని వంశము మాత్రము పలుచబడుచుండవచ్చును. ఈ ప్రమాణములో రెండు పరీక్షలున్నవి. రెండింటిలో తక్కువ వచ్చినదే నదికి తుది తరగతి. పాఠశాలలో ఒక విషయములో వచ్చిన మార్కులను చూపి మరియొక విషయములోని వైఫల్యమును మాపుకొనరాదన్న నియమము వంటిది ఇది. మొత్తము మార్కులు కలిపి సరాసరి తీసినచో పెక్కు నదులు ఉత్తీర్ణమయ్యెడివి.

ఎవరి చేపను లెక్కించుచున్నారన్న ప్రశ్నకు లండన్ మీదుగా పారు థేమ్స్ నది మంచి దృష్టాంతము. మురికి నీటి వలన ఎన్నడో సాల్మన్‌ను పోగొట్టుకొన్న ఆ నదిలో 1970ల చివర నుండి పిల్లలను తెచ్చి వదలినారు. 1993లో 338 చేపలు తిరిగి వచ్చినవి. సంతోషము కలుగుట సహజమే. 2005లో ఒక్కటియు రాలేదు. ఆ తరువాత చిక్కిన కొద్ది చేపల జన్యువులను పరీక్షింపగా అవి వదలిన పిల్లల వంశము కావనియు, దక్షిణ ఇంగ్లండులోని ఇతర నదుల నుండి దారితప్పి వచ్చినవనియు 2011లో తేలినది. నదిలో సాల్మన్ ఉన్నది; ఆ నదికి సొంత సాల్మన్ లేదు.

ప్రపంచ స్థాయిలో సరాసరులు చెప్పు సంస్థలకు కూడ ఈ మాట వర్తించును. అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘము 2023 డిసెంబరులో అట్లాంటిక్ సాల్మన్‌ను ప్రమాదమునకు దగ్గరనున్న జాతులలో చేర్చినది. 2006 నుండి 2020 వరకు సంఖ్య 23 శాతము తగ్గినదని ప్రకటించినది. హెచ్చరికగా ఇది అవసరమే. కాని సాల్మన్ పుట్టిన నదికే పోవు చేప. ఐస్లండు నదిలో మిగిలిన చేప ఫండీ అఖాతపు నదిని నింపదు. 23 శాతము అనగా ప్రతి నదిలోను నాలుగవ వంతు తగ్గినదని విద్యార్థులు అర్థము చేసికొన్నచో పొరపాటగును. కొన్ని నదులలో ఏమియు తగ్గియుండకపోవచ్చును, కొన్నింట ఏమియు మిగిలియుండకపోవచ్చును.

కాబట్టి ఒక నదికి తరగతి ఇచ్చు నివేదికలో తరగతి ప్రక్కన మరికొన్ని గడులు ఉండదగును: చేపలను యంత్రముతో లెక్కించినారా, గాలపు లెక్క నుండి ఊహించినారా, పరిమితి ఆ నదిలోనే కనుగొన్నదా, మరియొక నది నుండి తెచ్చినదా, స్మోల్ట్‌లను ఎవరైనను లెక్కించినారా, జన్యువులను చూచినారా. స్మోల్ట్ గడి ఇప్పుడు దాదాపు అన్ని నదుల యెదుటను ఖాళీగా నుండును. వసంతములో కొన్ని వారములు రేయింబవళ్ళు బోను దగ్గర మనుష్యులు కాచుకొని యుండవలెను, వరద వచ్చినచో బోను కొట్టుకొనిపోవును, ఫలితము తేలుటకు పది, ఇరువది యేండ్లు పట్టును. బుష్ నదిపై, గిర్నాక్ వాగుపై ఆ పని అర్ధ శతాబ్దమునకు పైగా జరిగినది.